అల్లిక, పని, పేరు: మారియా మీస్ నరసాపురం లేసు అధ్యయనం – పశ్చిమ ప్రకాశం నుంచి ఒక పునఃపఠనం

వ్యాస సంగ్రహం

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసర గ్రామాల్లో స్త్రీలు ఇళ్ళలో కూర్చుని అల్లే లేసుపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో లండన్‌లో వెలువడింది. గృహిణి అనే గుర్తింపు స్త్రీ శ్రమను ఎలా కనుమరుగు చేస్తుందో ఆ గ్రంథం నిరూపించింది. ఈ వ్యాసం ఆ గ్రంథాన్ని 18వ శతాబ్ది ఐరోపా లేసు చరిత్రకూ, 2024లో నరసాపురం లేసుకు లభించిన భౌగోళిక సూచిక గుర్తింపుకూ మధ్య నిలిపి తిరిగి చదువుతుంది. మీస్ శ్రమను చూసినంత నిశితంగా అల్లిక నైపుణ్యాన్ని చూడలేదనీ, భౌగోళిక సూచిక నైపుణ్యాన్ని గుర్తించినంతగా శ్రమను గుర్తించలేదనీ, ఈ రెంటినీ కలిపి చూడగల పరిభాష ఆ స్త్రీల పనిమాటల్లోనే ఉందనీ ప్రతిపాదిస్తుంది. మార్కాపురం పలకల పరిశ్రమతో పోలిక ఈ ప్రతిపాదనకు ఆధారంగా నిలుస్తుంది.

కీలక పదాలు: నరసాపురం లేసు, మారియా మీస్, గృహిణీకరణ, చేతిపని, అతుకుపని, కాజాకుట్టు, భౌగోళిక సూచిక, మార్కాపురం పలక.

1. ఉపోద్ఘాతం

కళాశాల ప్రవేశ దరఖాస్తుల్లో తల్లి వృత్తి అనే గడి ఒకటి ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల విద్యార్థులు ఆ గడిలో తరచుగా రాసే మాట 'గృహిణి'. మిరప కోతకు, పత్తితీతకు వెళ్ళే తల్లి విషయంలోనూ ఒక్కోసారి అదే మాట రాస్తారు. పొలంలో చేసిన పని కళ్ళకు కనబడుతుంది, సాయంత్రానికి కూలి చేతికందుతుంది. అయినా కాగితం మీదికి వచ్చేసరికి ఆ పని మాయమవుతుంది. ఆరుబయట చేసిన పనికే ఈ గతి పడితే, ఇంటి గడపలో కూర్చుని, వంటకూ బిడ్డల ఆలనకూ నడుమ చేసే పని ఏ కాగితంలో కనబడుతుంది?

ఈ ప్రశ్నకు తెలుగునేల నుంచి లభించిన సమగ్రమైన సమాధానాల్లో మారియా మీస్ గ్రంథం ముఖ్యమైనది. మీస్ 1970ల చివరలో నరసాపురం ప్రాంతంలో క్షేత్ర పరిశోధన చేసి, దాని ఫలితాలను మొదట పరిశోధన వ్యాసంగా, తరువాత పుస్తకంగా ప్రకటించింది. 1986లో వెలువరించిన 'పేట్రియార్కీ అండ్ అక్యుములేషన్ ఆన్ ఎ వరల్డ్ స్కేల్' అనే గ్రంథంలో విస్తరించిన 'గృహిణీకరణ' సిద్ధాంతానికి నరసాపురం అనుభవం ఒక ప్రధానమైన పునాది. ప్రపంచ స్త్రీవాద ఆలోచనలో విరివిగా వాడుకలోకి వచ్చిన ఒక భావన గోదావరి డెల్టా పల్లెల్లో రూపుకట్టుకున్నదన్నమాట.

పశ్చిమ ప్రకాశం లేసుకు పేరుపొందిన ప్రాంతం కాదు. నల్లమల అంచున, గుండ్లకమ్మ పరీవాహకంలో ఉన్న ఈ మెట్టసీమకు పేరు తెచ్చింది పలక. ఈ దూరం ఒక విధంగా మేలే. డెల్టాలో లేసు నిత్యజీవితంలో భాగమై కంటికి అలవాటైపోయిన వస్తువు. రాతిని చీల్చి పలక చేసే ప్రాంతం నుంచి చూసినప్పుడు, దారంతో చేసే పనిలో ఏది కనబడకుండా పోతున్నదో కొంత స్పష్టంగా తెలుస్తుంది. ఈ వ్యాసం ఎంచుకున్న చూపు అది.

2. 'అల్లిక' అనే మాట

లేసును తెలుగువారు 'అల్లుతారు'. ఈ క్రియ విస్తృతి గమనించదగినది. బుట్ట అల్లుతారు, చాప అల్లుతారు, జడ అల్లుతారు, నవారు మంచం అల్లుతారు. తీగ పందిరికి తానే అల్లుకుంటుంది. అదే మాట సాహిత్య విమర్శలోకి వచ్చి కావ్యనిర్మాణానికి మెచ్చుకోలు అయింది. అల్లసాని పెద్దన శైలిని ప్రశంసించేటప్పుడు తెలుగు విమర్శ సంప్రదాయం ఎంచుకున్న మాట అల్లికే. పదాల కూర్పు, బిగువు, మెరుపు అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయని మనం తరగతి గదిలో చెబుతూనే ఉన్నాం.

అయితే ఆ మాట ఆస్థానకవికి వర్తించినప్పుడు ప్రతిభ అయింది, ఇంటిలోని స్త్రీకి వర్తించినప్పుడు కాలక్షేపం అయింది. కవి అల్లిక కింద కవి పేరు ఉంటుంది. లేసు అల్లిక కింద ఏ పేరూ ఉండదు, మహా అయితే ఊరి పేరు ఉంటుంది. ఈ తేడా భాషలో లేదు. భాష రెండు పనులకూ ఒకే మాట ఇచ్చింది. తేడాను పెట్టింది విమర్శకులు, వర్తకులు, దరఖాస్తులు. మీస్ గ్రంథాన్ని సామాజిక శాస్త్రానికి వదిలివేయక, విమర్శ రంగంలోనూ చదవవలసిన అవసరం ఇక్కడే మొదలవుతుంది.

3. 18వ శతాబ్ది ఐరోపా: ఊరికి దక్కిన పేరు

నరసాపురం లేసు వెనుక ఒక సుదీర్ఘమైన ఐరోపా చరిత్ర ఉంది. 18వ శతాబ్దిలో లేసు ఐరోపా కులీనుల దుస్తుల్లో అత్యంత ఖరీదైన అలంకారాల్లో ఒకటి. స్త్రీల దుస్తులకే కాక పురుషుల మెడపట్టీలకూ ముంజేతి కుచ్చులకూ లేసు తప్పనిసరి. అప్పటి లేసు ప్రధానంగా రెండు రకాలు. సూదితో, కాజాకుట్టు ఆధారంగా గాలిలో అల్లినట్టుగా చేసేది ఒకటి. ఫ్రాన్సులోని ఆలాన్సోన్, ఆర్జాంతాన్ పట్టణాలు దీనికి ప్రసిద్ధి. మెత్తని దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న చిన్న కండెలను ఒకదానిపై ఒకటి దాటిస్తూ చేసేది రెండవది. వాలాన్సియెన్, మెహెలన్, ఇంగ్లండులోని హానిటన్ ఈ రెండో రకానికి పేరుపొందాయి.

ఫ్రాన్సులో సూది లేసును రాజ్యం తన ఆర్థిక విధానంలో భాగం చేసింది. వెనిస్ నుంచి దిగుమతి అయ్యే లేసుకు ధనం తరలిపోతున్నదని పద్నాలుగవ లూయీ మంత్రి కోల్బేర్ 1665లో రాజపోషణతో లేసు ఉత్పత్తిని నెలకొల్పాడు. 18వ శతాబ్దిలో ఆ పరిశ్రమ పరిపక్వ దశకు వచ్చింది. ఆలాన్సోన్ లేసులో ఒక్కో దశను ఒక్కో స్త్రీ చేసేది. తోలుకాగితం మీద నమూనాను సూదితో గుచ్చడం ఒకరి పని, గీతల వెంట దారం పరచడం మరొకరి పని. జాలీ నేల, లోపలి నింపుడు కుట్లు, అంచుల ఉబ్బెత్తు కుట్టు, చివరికి ముక్కలన్నీ ఆనవాలు తెలియకుండా కలపడం వేర్వేరు చేతుల పనులు. మొత్తం వస్త్రం ఎలా ఉంటుందో చాలామంది పనివారికి కనబడేది కాదు. నమూనా వర్తకుడి ఆస్తి, దారం అతడు ఇచ్చేదే, బజారు అతడికే తెలుసు.

దీద్రో, దాలంబేర్ సంపాదకత్వంలో 1751 నుంచి వెలువడిన 'ఆన్సిక్లోపేదీ' చేతివృత్తులకు విజ్ఞానశాస్త్ర గౌరవం ఇచ్చింది. లేసు పనిని కూడా చిత్రపటాలతో వివరించింది. పనిముట్లకు, పద్ధతికి అక్కడ చోటు దక్కింది. ఆ పనిముట్లు పట్టిన స్త్రీల పేర్లు మాత్రం చరిత్రలో చాలా అరుదు. ఈనాటికీ ప్రదర్శనశాలల్లో ఒక లేసు ముక్క పక్కన మనం చదివేది సాధారణంగా ఊరి పేరు, శతాబ్దం. అదే శతాబ్దిలో ఇంగ్లండు మధ్య ప్రాంతంలోని బకింగ్‌హామ్‌షైర్, బెడ్‌ఫర్డ్‌షైర్ గ్రామాల్లో లేసు బడులు ఉండేవి. ఐదారేళ్ళ పిల్లలు అక్కడ అక్షరాల కన్నా ముందు కండెలు తిప్పడం నేర్చుకునేవారు. పేదరికానికి మందుగా, ఆడపిల్లలకు క్రమశిక్షణగా లేసును చూసే ఈ దృష్టి తరువాతి శతాబ్దిలో మిషనరీల వెంట ఓడ ఎక్కింది.

4. దిండు నుంచి కొక్కెం సూదికి

దక్షిణ భారతంలో ఈ ప్రయాణానికి తొలి గుర్తులలో ఒకటి నాగర్‌కోయిల్. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన మార్తా మాల్ట్ 1820లలో అక్కడి బాలికలకు లేసు నేర్పింది. గోదావరి ప్రాంతంలో 19వ శతాబ్ది మధ్యభాగంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు ఈ పనిని ప్రవేశపెట్టారు. 1833 నాటి కరువు జ్ఞాపకం ఇంకా మాసిపోని నేల అది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయినా నీటి ఫలం అందరికీ ఒకేలా అందలేదు. కొత్తగా క్రైస్తవం స్వీకరించిన పేద స్త్రీలకు జీవనాధారంగా మొదలైన లేసు క్రమంగా కులాల ఎల్లలు దాటింది.

ఇక్కడ సాంకేతికమైన ఒక మార్పును తప్పక గుర్తించాలి. నరసాపురంలో స్థిరపడింది దిండు లేసు కాదు, ఆలాన్సోన్ తరహా సూది లేసూ కాదు. చివర కొక్కెం ఉన్న ఒకే ఒక సూదితో, ఒకే దారంతో చేసే క్రోషే అల్లిక. దిండు లేసుకు బల్లో ఒడిలో దిండో కావాలి, పదుల కొద్దీ కండెలు కావాలి, మధ్యలో లేస్తే వాటి వరస చెదిరే ప్రమాదం ఉంది. క్రోషేలో ఒక కుట్టు పూర్తయిన తరువాతే మరో కుట్టు మొదలవుతుంది. ఏ క్షణంలోనైనా పని ఆపి, చివరి ఉచ్చును కొంచెం వదులు చేసి పక్కన పెట్టవచ్చు. పాలు పొంగితే లేవవచ్చు, బిడ్డ ఏడిస్తే వెళ్ళవచ్చు, తిరిగి వచ్చి ఆ ఉచ్చు దగ్గరే అందుకోవచ్చు.

క్రోషేకు ఉన్న ఈ సుగుణమే ఆ స్త్రీ పాలిట ఉచ్చు అయింది. ఇంటిపనిని ఏమాత్రం తగ్గించకుండా, దాని సందుల్లోకి జొరబడగల పని కాబట్టి అది పనిలా కనబడదు. రోజుకు ఆరేడు గంటలు చేసినా ఆ గంటలు ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటాయి. 'ఖాళీ సమయంలో చేస్తారు' అనే మాటకు వీలు కల్పించింది ఈ సాంకేతిక లక్షణమే. మీస్ ఆ మాటను సిద్ధాంతపరంగా ఖండించింది. ఆ మాట ఎందుకు అంత సులభంగా నమ్మకం పొందిందో చెప్పడానికి కుట్టు స్వభావాన్ని కూడా చూడవలసి ఉంది.

మరో సంగతి. ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1808, 1809లలో పొందిన యంత్రాల పేటెంట్లతో దిండు లేసు జాలీని యంత్రం అనుకరించగలిగింది. దాంతో ఐరోపా చేతిలేసు బజారు క్రమంగా కుదేలైంది. అసలైన క్రోషేను మాత్రం యంత్రం ఈనాటికీ చేయలేకపోతున్నది. యంత్రాలు చేసేది దాని పోలికను మాత్రమే. చేయి తప్ప మరో దారి లేని వస్తువు చౌకగా బజారుకు చేరాలంటే తగ్గించగలిగేది ఒక్కటే, ఆ చేతికి ఇచ్చే కూలి. ఒక పరిశ్రమ ఐరోపాలో యంత్రం చేత ఓడి, గోదావరి జిల్లాలో చేతితో నిలిచి ఉండటానికి ఇది ఒక ప్రధాన కారణం.

5. మీస్ వాదం: ఉపశీర్షికలోని రెండు మాటలు

మీస్ గ్రంథం ఉపశీర్షిక 'ఇండియన్ హౌస్‌వైవ్స్ ప్రొడ్యూస్ ఫర్ ద వరల్డ్ మార్కెట్'. భారతీయ గృహిణులు ప్రపంచ విపణి కోసం ఉత్పత్తి చేస్తున్నారని అర్థం. ఇందులో గృహిణి, ప్రపంచ విపణి అనే రెండు మాటలు పక్కపక్కన నిలబడవలసినవి కావు. గృహిణి అంటే విపణికి వెలుపల ఉన్నదని వాడుక. గ్రంథం మొత్తం చేసే పని ఈ రెండు మాటల మధ్య వైరుధ్యాన్ని విప్పి చూపడం. గృహిణి కాబట్టి ఆమెకు కూలి తక్కువ, కూలి తక్కువ కాబట్టి ఆమె అల్లినది ప్రపంచ విపణిలో నిలబడుతుంది. అంటే గృహిణి అనే గుర్తింపు విపణికి వెలుపలిది కాదు, విపణికి అత్యవసరమైన ముడిసరుకు.

దీనికి మీస్ చూపిన ఆధారాలు నాలుగు దిక్కుల నుంచి వచ్చాయి. మొదటిది వ్యవస్థ. ఎగుమతిదారు దారం ఇస్తాడు, ఏజెంటు దానిని ఊరూరికీ చేరుస్తాడు, స్త్రీలు అల్లి ఇస్తారు, పీసు రేటు మీద డబ్బు అందుతుంది. అల్లే స్త్రీకి కొనుగోలుదారు ఎవరో తెలియదు, తుది ధర తెలియదు. రెండవది కూలి. వ్యవసాయ కూలికి నిర్ణయించిన కనీస వేతనం కన్నా లేసు సంపాదన తక్కువని మీస్ లెక్కగట్టి చూపింది. మూడవది గణాంకం. ఎగుమతి లెక్కల్లో లేసు కనబడుతుంది, జనగణనలో లేసు స్త్రీలు కార్మికులుగా కనబడరు. నాలుగవది కులం.

ఈ నాలుగవ అంశం గ్రంథంలో అత్యంత శక్తిమంతమైన భాగం. ఘోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలకు పొలానికి వెళ్ళడం పరువు తక్కువ. ఇంట్లో కూర్చుని లేసు అల్లడం ఆ పరువును కాపాడుతుంది. పొలంలో పనిచేసే దళిత స్త్రీ సామాజిక హోదాలో ఆమె కన్నా తక్కువగా పరిగణించబడుతుంది, కాని ఆమె కూలి ఎక్కువ, నలుగురితో కలిసి పనిచేస్తుంది, బేరం ఆడుతుంది. తక్కువ సంపాదనకు పరువు ఒక పరిహారంగా పనిచేస్తున్నదని ఈ పోలిక తేటతెల్లం చేస్తుంది. హరిత విప్లవం తరువాత డెల్టా రైతు కుటుంబాల మిగులు లేసు వ్యాపారంలోకి ప్రవహించిందనీ, అల్లేది స్త్రీలైతే అమ్మేది పురుషులయ్యారనీ మీస్ చూపించింది. ఒకే ఇంటిలో, ఒకే కులంలో ఈ విభజన జరగడం గమనార్హం.

చంద్ర తల్పడే మొహంతి 'అండర్ వెస్ట్రన్ ఐస్' వ్యాసంలో మూడో ప్రపంచ స్త్రీలను ఒకే ముద్దగా చూసే పాశ్చాత్య స్త్రీవాద రచనలను తీవ్రంగా విమర్శించింది. అదే వ్యాసంలో మీస్ అధ్యయనాన్ని మెచ్చదగిన ఉదాహరణగా నిలిపింది. స్త్రీలను బాధితులుగా ముందే నిర్ణయించుకోక, ఒక నిర్దిష్టమైన స్థలంలో, నిర్దిష్టమైన కులవర్గ సంబంధాల్లో వారు ఎలా గృహిణులుగా తయారు చేయబడుతున్నారో మీస్ చూసిందన్నది ఆ ప్రశంసకు ఆధారం. ఆ అంచనాతో ఏకీభవిస్తూనే గ్రంథం మిగిల్చిన ఖాళీని చూడవలసి ఉంది.

6. గ్రంథం మిగిల్చిన ఖాళీ: నైపుణ్యం

మీస్ గ్రంథం చదివిన పాఠకుడికి నరసాపురం స్త్రీ ఎన్ని గంటలు అల్లుతుందో తెలుస్తుంది, ఆమె చేతికి ఏమి వస్తుందో తెలుస్తుంది, కళ్ళూ నడుమూ ఎలా దెబ్బతింటాయో తెలుస్తుంది. ఆమె ఏమి అల్లుతుందో అంతగా తెలియదు. నమూనాల చరిత్ర, వాటి ఎంపిక, ఒక ఆకృతిని చూసి ఆమె దానిని కుట్ల లెక్కగా మార్చుకునే తీరు గ్రంథంలో ప్రధాన విషయాలు కావు. సిద్ధాంత అవసరం దృష్ట్యా అది అర్థం చేసుకోదగినదే. 'ఇది కళ, కాలక్షేపం' అనే వ్యాపార భాష శ్రమను కప్పిపుచ్చుతున్నప్పుడు, ఆ ముసుగు తీయడానికి రచయిత్రి కళ అనే మాటనే పక్కన పెట్టింది.

అయితే దాని ఫలితం చిన్నది కాదు. నైపుణ్యం లేని శ్రమగా లెక్కించబడినందువల్లనే లేసు కూలి తక్కువగా ఉంది. నైపుణ్యం గురించి మాట్లాడకుండా కూలి గురించి మాత్రమే మాట్లాడితే, వ్యాపారి చేసిన ఆ తక్కువ అంచనా సవాలు లేకుండా మిగిలిపోతుంది. దిండు లేసు పనిమనిషికి ముందు గుచ్చిన తోలుకాగితం ఉంటుంది. క్రోషే అల్లే స్త్రీకి ముందున్న నమూనా తరచుగా మరో అల్లిక ముక్కే. దానిని కంటితో విప్పి, గొలుసులు ఎన్ని, నింపుడు ఎన్ని, మలుపు ఎక్కడ అని లెక్కించి, దారం మందం మారితే ఆ లెక్కను సవరించి, వృత్తం ముడుచుకుపోకుండా, అలలు పడకుండా చదునుగా నిలిపే తెలివి ఆమెది. వృత్తాకార అల్లికలో ప్రతి వరసకూ ఎన్ని కుట్లు పెంచాలన్నది గణిత సమస్య. పుస్తకం లేకుండా, కాగితం లేకుండా ఆమె దానిని ప్రతిరోజూ సాధిస్తుంది.

ఈ తెలివికి పరిభాష ఉంది. గ్రంథంలోనే మీస్ నమోదు చేసిన తెలుగు పనిమాటలు ఇందుకు సాక్ష్యం. విడి పువ్వులు, ముక్కలు అల్లేది చేతిపని. వాటిని ఒక వస్త్రంగా కలిపేది అతుకుపని. అంచులను గట్టిపరిచేది కాజాకుట్టు. మీస్ ఈ మాటలను శ్రమవిభజనకు ఉదాహరణలుగా వాడుకుంది, అది సరైన వినియోగమే. కాని అవి శ్రమవిభజన పేర్లు మాత్రమే కావు, నైపుణ్య విభాగాల పేర్లు కూడా. ఆలాన్సోన్‌లో నేల వేసే స్త్రీ, నింపుడు కుట్లు వేసే స్త్రీ, కలిపే స్త్రీ వేర్వేరుగా ఉన్నట్టే ఇక్కడా ఉన్నారు. అక్కడ ఆ దశల పేర్లు లేసు చరిత్ర గ్రంథాల్లో సాంకేతిక పదాలుగా గౌరవం పొందాయి. ఇక్కడివి ఒక సామాజిక అధ్యయనంలో స్థానిక వాడుకలుగా మిగిలాయి.

'కాజా' అనే మాట ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగినది. బొత్తాపు రంధ్రానికి పేరైన ఈ మాట పోర్చుగీసు నుంచి మన భాషల్లోకి వచ్చిందని చెబుతారు. ఆలాన్సోన్ సూది లేసుకు మూలాధారమైన కుట్టు కూడా కాజాకుట్టే. ఖండాలు దాటివచ్చిన ఒక కుట్టు, ఖండాలు దాటివచ్చిన ఒక మాట నరసాపురం అరుగు మీద కలుసుకున్నాయి. అతుకుపని అనే మాటలో మరో సూక్ష్మం ఉంది. వాడుకలో అతుకు అంటే చిరిగినదానికి వేసేది, కాస్త చిన్నచూపుతో పలికే మాట. లేసులో అతుకు అంటే విడిగా ఉన్న పువ్వులకు ఒక వస్త్రరూపం ఇచ్చేది. అతుకు కనబడకపోవడమే అక్కడ నైపుణ్యానికి గీటురాయి. కనబడకుండా ఉండటమే మంచి పనికి కొలమానమైనప్పుడు, ఆ పని చేసినవారు కూడా కనబడకుండా పోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

7. భౌగోళిక సూచిక: ఉత్పత్తిదారు ఎవరు?

మీస్ గ్రంథం వెలువడిన నాలుగు దశాబ్దాల తరువాత, 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు విలువను తక్కువ చేయనవసరం లేదు. నకిలీ సరుకు నుంచి, యంత్రపు అనుకరణల నుంచి ఒక పేరుకు చట్టరక్షణ దొరకడం మంచిదే. మీస్ పక్కన పెట్టిన నైపుణ్యాన్ని ఈ గుర్తింపు ముందుకు తెచ్చింది. ఇది ఈ నేలది, చేతితో చేసినది, విశిష్టమైనది అని చెప్పింది.

చెప్పని దానిని చట్టం నిర్వచనాల్లో చూడాలి. వస్తువుల భౌగోళిక సూచికల చట్టం, 1999 ప్రకారం హస్తకళా వస్తువుల విషయంలో 'ఉత్పత్తిదారు' అంటే వస్తువును తయారుచేసే వ్యక్తి. నిర్వచనం అక్కడితో ఆగదు, ఆ తయారీలో వర్తకం చేసేవారిని కూడా ఆ మాటలో చేర్చుతుంది. అంటే అల్లిన స్త్రీ, అమ్మిన ఎగుమతిదారు ఇద్దరూ చట్టం దృష్టిలో ఒకే మాట కిందికి వస్తారు. ఆ పేరు వాడుకునే హక్కు కోసం నమోదు చేసుకోవడానికి కాగితాలు, సమాచారం, చొరవ ఎవరికి ఉన్నాయో వారికే ఆ మాట ముందుగా ఉపయోగపడుతుంది. మీస్ చూపిన విభజన, అంటే అల్లేవారు స్త్రీలు అమ్మేవారు పురుషులు అన్నది, ఈ నిర్వచనంలో చెరిగిపోతుంది. సమస్య పరిష్కారమై చెరిగిపోవడం వేరు, మాట చాటున కనబడకుండా పోవడం వేరు.

శ్రమ వైపు నుంచి చూస్తే చట్టాలు లేకపోలేదు. అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, 2008 ఇంటివద్ద పనిచేసే కార్మికులను నిర్వచించింది. సామాజిక భద్రతా స్మృతి, 2020 ఆ నిర్వచనాన్ని కొనసాగించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహశ్రమికుల కోసం 177వ ఒడంబడికను ఆమోదించింది, భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. ఒక చట్టం ఆమెను ఇంటివద్ద పనిచేసే కార్మికురాలు అంటుంది, మరొక చట్టం ఆమెను వర్తకుడితో కలిపి ఉత్పత్తిదారు అంటుంది. తాను ఏమిటని అడిగితే ఆమె మాత్రం గృహిణినని చెబుతుంది. మూడు పేర్లలో కూలిని పెంచగలిగేది మొదటిది, దానినే ఎవరూ గట్టిగా పలకడం లేదు.

8. పలక పక్కన లేసు

ఇక్కడ పశ్చిమ ప్రకాశానికి తిరిగి వద్దాం. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో భాగం. మార్కాపురం పరిసరాల పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఆ పొరను కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగించి తయారుచేసిన పలకల మీద దేశంలో ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. నోటుపుస్తకాలు వచ్చి బడిపలక వెనకబడిన తరువాత అదే రాయి గోడలకు, నేలకు అలంకార ఫలకంగా విదేశీ విపణిని వెతుక్కుంది. లేసులాగే పలక కూడా ఒక ఊరి పేరుతో పలకబడే సరుకు. లేసులాగే దాని జాతకం దూరదేశపు కొనుగోలుదారు అభిరుచి మీద ఆధారపడింది.

పోలిక ఇంతవరకు సాగుతుంది, తరువాత ఆగిపోతుంది. పలక పని క్వారీలో, షెడ్డులో జరుగుతుంది. రాయి చీల్చే చప్పుడు వినబడుతుంది, దుమ్ము కనబడుతుంది. అక్కడ పనిచేసే స్త్రీ కూలి తక్కువే కావచ్చు, రక్షణలు చాలకపోవచ్చు, కాని ఆమె పనికి వెళ్ళిందని ఊరికి తెలుసు, ఆమెకూ తెలుసు. వేతనం గురించి, దుమ్ము గురించి అడగడానికి ఒక స్థలం ఉంది, పక్కన మరో కార్మికుడు ఉన్నాడు. లేసు స్త్రీకి ఆ స్థలం లేదు. ఆమె పనిస్థలం ఆమె ఇల్లే కాబట్టి, కూలి గురించి అడగడం ఇంటి గుట్టు బయటపెట్టడంలా తోస్తుంది.

ఈ పోలిక మీస్ వాదాన్ని బలపరుస్తూనే ఒక సవరణ కోరుతుంది. పని కనబడటానికి ఇంటి నుంచి బయటికి రావడం ఒక్కటే మార్గమని ఆమె గ్రంథం చదివినవారికి అనిపించే అవకాశం ఉంది. పలక పరిశ్రమ అనుభవం చూస్తే, బయటికి వచ్చిన పని కూడా తగిన పేరు లేకపోతే తగిన విలువ పొందదు. పలకను నునుపు చేసే చేతి నేర్పు కూడా 'కూలిపని' అనే మాటలో కలిసిపోయింది. లేసు దగ్గర శ్రమ కనబడక నష్టం జరిగితే, పలక దగ్గర నైపుణ్యం కనబడక నష్టం జరిగింది. రెండు చోట్లా కావలసింది శ్రమనూ నైపుణ్యాన్నీ ఒకేసారి పలికే భాష.

9. ముగింపు

లేసును చూసిన చూపులు మూడు. ఆన్సిక్లోపేదీ పద్ధతిని చూసింది, కూలిని పట్టించుకోలేదు. మీస్ కూలిని చూసింది, పద్ధతికి తక్కువ చోటు ఇచ్చింది. భౌగోళిక సూచిక ఊరినీ పద్ధతినీ చూసింది, అల్లినవారిని అమ్మినవారితో కలిపేసింది. వీటిలో మీస్ చూపే అత్యంత నిజాయితీ గలది. ఆ గ్రంథం లేకపోతే మిగతా రెండు చూపుల లోపాన్ని పట్టుకునే వీలే మనకు ఉండేది కాదు.

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి. ఒకటి, నరసాపురం లేసు తక్కువ కూలికి గృహిణీకరణ ప్రధాన కారణమన్న మీస్ నిర్ధారణ నేటికీ చెల్లుతుంది, కాని క్రోషే కుట్టు స్వభావాన్ని, దానికి యంత్రపు ప్రత్యామ్నాయం లేకపోవడాన్ని ఆ వివరణలో చేర్చుకోవాలి. రెండు, చేతిపని, అతుకుపని, కాజాకుట్టు వంటి మాటలను శ్రమ పదాలుగానే కాక నైపుణ్య పదాలుగా గుర్తించి సేకరించాలి. వృత్తిపదకోశాల సంప్రదాయం తెలుగులో బలంగా ఉంది. వ్యవసాయ, చేనేత వృత్తిపదాలకు దక్కిన శ్రద్ధ లేసుకూ పలకకూ దక్కాలి. మూడు, భౌగోళిక సూచిక వినియోగదారుల నమోదులో అల్లే స్త్రీలకు వర్తకుల నుంచి వేరైన గుర్తింపు ఉండాలి.

ఈ పని సాహిత్య శాఖలది కాదని అనుకోవడానికి వీలులేదు. అల్లిక అనే మాటను కావ్యప్రశంసగా తరతరాలుగా వాడుకున్నది మన విమర్శే. ఆ మాటను మొదట చేతులతో నిజం చేసినవారికి దానిలో వాటా ఇవ్వడం ఆ విమర్శ బాధ్యత. రానున్న విద్యాసంవత్సరంలో మన కళాశాలల దరఖాస్తుల్లో తల్లి వృత్తి గడిని విద్యార్థి నింపుతున్నప్పుడు, ఆమె రోజంతా ఏమి చేస్తుందో ఒక్కసారి అడిగి రాయమని చెప్పడంతో ఆ బాధ్యతను మొదలుపెట్టవచ్చు.